డ్రైన్లకూ డ్రైన్లకూ మధ్య ఒక గుమ్మటం

సివిల్ చదివి, పక్కింటి సాఫ్ట్‌వేర్ కుర్రాడి జీతం విని, ఎందుకు చేరానురా దేవుడా ఇందులో అని తల పట్టుకున్న పిల్లలెవరైనా ఉంటే, ఇది వాళ్ళ కోసం. నేను సింగపూర్లో స్ట్రక్చరల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. నా ప్రమోషన్ల గురించి రాయను, చదివితే మీకు ఆవలింతలొస్తాయి. పర్మిషన్ల గొడవ కూడా రాయను, అది మీకెలాగూ తప్పదు. ఒక గుమ్మటం సంగతి చెబుతాను. పెద్ద కట్టడమేమీ కాదు, ఓ పాతికమంది కూర్చుంటే నిండిపోతుంది. కానీ ఈ ఉద్యోగం ఎందుకు చేస్తున్నానో నాకు అర్థమైంది మాత్రం దాని కిందే.

మీరూ సాఫ్ట్‌వేరేనా?

మేం చోవా చూ కాంగ్‌లో ఉండేవాళ్ళం. వైటూకే పుణ్యమా అని ప్రతి ఫ్లైటుకీ మనవాళ్ళు దిగుతున్న కాలం అది. ఆదివారం ఎవరింటికి భోజనానికి వెళ్ళినా పప్పుచారుతో పాటు జావా కూడా వడ్డించేవాళ్ళు. మా ఆయనదీ అదే పని కాబట్టి ఆయనకు బాగానే ఉండేది. ఎవరో ఒక కొత్తావిడ నా వైపు తిరిగి, "మీరూ సాఫ్ట్‌వేరేనా అక్కా?" అని అడిగేది. "కాదమ్మా, సిమెంటు" అనేదాన్ని. "అయ్యో, అవునా!" అనేది ఆవిడ, పాపం నాకేదో జబ్బు చేసిందని తెలిసినట్టు.

సిమెంటని చెప్పుకోవడం కూడా గొప్పకే. అసలు నాది డ్రైన్ల పని. ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరిన రోజు మా బాస్ కో గారు నా బల్ల మీద ఒక వాన నీటి కాలవ డ్రాయింగు పెట్టారు. అది అయ్యాక ఇంకోటి. ఏళ్ళు గడిచాయి, కాలవలు మారాయి, నేను మారలేదు. ఈ ఊళ్ళో వానకు కాలవ ఎంత ముఖ్యమో నాకు తెలుసు, చిన్నచూపు చూడను. కానీ మనిషన్నాక ఒక్కసారైనా నేల మీద నుంచి పైకి లేచేదేదైనా కట్టాలని ఉండదా? "సార్, ఒక్క బిల్డింగు ఇవ్వండి" అని అడిగినప్పుడల్లా ఆయన "వెయిట్ లా" అనేవారు.

కో గారిని నేను తిట్టుకున్నన్ని తిట్లు ఇంకెవర్నీ తిట్టుకోలేదు. నాకు దొరికిన మంచి బాస్ కూడా ఆయనే. తక్కువ మాట్లాడతారు. సరే అంటే కెన్, కాదంటే నో కెన్, అంతే. ఆయనకు ఒక నియమం ఉండేది. కట్టినదాని కింద నుంచి సపోర్టులు తీసేశాక, ముందు ఇంజినీరు వెళ్ళి దాని కింద నిలబడి ఒక కప్పు కోపి, అంటే ఇక్కడి కాఫీ, తాగాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు లోపలికి రావాలి. కాలవలు కట్టినన్నాళ్ళూ నాకా కోపి యోగం పట్టలేదు.

షిరీన్ గారి ఫొటో

జురాంగ్ ఈస్ట్‌లో కొత్తగా సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన షిరీన్ గారు ఒకరోజు మా ఆఫీసుకొచ్చారు. పుట్టింది ఇరాన్‌లో, పెద్దచదువులకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ళ బిల్డింగు మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ జాగా ఒకటుంది. ఆమె భాగస్వామికి అక్కడ ఏసీ పెట్టిన గాజు గది కావాలి, వచ్చిన కస్టమర్లకు కంప్యూటర్లు చూపించడానికి. ఆమె మాత్రం బల్ల మీద ఒక పాత ఫొటో పెట్టారు. బోడి కొండ, దాని మీద రాతి కాళ్ళు నాలుగు, వాటి మధ్య నాలుగు కమానులు, నెత్తిన ఒక గుమ్మటం. చుట్టూ ఏమీ లేదు.

"దీన్ని చహార్‌తాక్ అంటాం. చహార్ అంటే నాలుగు, తాక్ అంటే కమాను. తలుపుల్లేవు, గోడల్లేవు. అంతే" అన్నారామె.

తర్వాత నేను చదువుకున్నాను. పర్షియా దేశమంతా ఇలాంటివి ఉన్నాయట. చాలా పాతవాటిలో ఒకప్పుడు నిప్పును కొలిచేవారంటారు. తర్వాతివాళ్ళు అదే ఆకారాన్ని మసీదుకు వాడుకున్నారు, సమాధికి వాడుకున్నారు, తోటలో మండపానికీ వాడుకున్నారు. మతాలు మారినా నాలుగు కమానుల మీద గుమ్మటం మాత్రం అలాగే నిలబడింది. ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, దాచుకోవడమెందుకు!

షిరీన్ గారి చిన్నప్పుడు ఆ కొండ వాళ్ళ ఊరి పక్కనే. సెలవు రోజున వాళ్ళ నాన్న ఆమెను భుజాల మీద ఎక్కించుకుని పైకి తీసుకెళ్ళి, ఆ కమానుల కింద కూర్చోబెట్టి కర్బూజా కోసి పెట్టేవారట. "మా ఆఫీసులో బాత్రూముకెళ్ళాలన్నా కార్డు గీకాలి. ఏ వైపు నుంచి ఎవరైనా, అడక్కుండా వచ్చి కూర్చునే చోటు ఒక్కటి ఉండాలి" అన్నారు.

కానీ భాగస్వామి ఊరుకోలేదట. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారట. కట్టడం పూర్తయ్యే వేళకు షిరీన్ గారి నాన్నగారు సింగపూర్ వస్తారు. ఆయన దాని కింద నిలబడి "ఇది చహార్‌తాక్" అంటే ఉంచుతారు. "ఇదేదో బొమ్మ" అని పెదవి విరిస్తే కూలగొట్టి గాజు గది కడతారు.

కో గారు నా వైపు చూశారు. "డ్రెయిన్ లేడీ, యూ వాంట్?"

ఆయన నోరు మూసేలోపే తలూపేశాను.

"కెన్. బట్ ఓల్డ్ మ్యాన్ సే నో గుడ్, యూ గో బ్యాక్ డ్రెయిన్. నో కంప్లెయిన్, హా?"

అలా నా బతుకు ఇరాన్‌లో ఉన్న ఒక పెద్దాయన నోటి మాటకు వేలాడింది.

కమాను ఊరుకోదు

కమాను చూడటానికి బుద్ధిగా ఉంటుంది గానీ ఒక్క క్షణం ఊరుకోదు. నెత్తిన బరువున్నంతసేపూ కాళ్ళను పక్కకు తోస్తూనే ఉంటుంది. ఇది నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. కో గారికి నా మార్కుల మీద నమ్మకం లేదు. క్రాంజీ దగ్గర కాంట్రాక్టరు యార్డులో ఒకే ఒక్క కమాను, సన్నటి రెండు కాళ్ళ మీద కట్టించమన్నారు. గట్టిపడ్డాక అందర్నీ దూరంగా నిలబెట్టి, కింద పోటు పెట్టిన జాకీలను తాడు కట్టి లాగించారు.

కమాను కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత తడి బాత్రూములో కాలు జారిన మనిషిలా రెండు కాళ్ళూ చెరో పక్కకూ చాపి కూలబడింది. పనివాళ్ళు ఈలలు వేశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"నౌ యూ నో వై ఫోర్" అన్నారు కో గారు చాలా సంతోషంగా.

నిజమే. నాలుగు కమానులు చదరంగా నిలబడితే ఒకదాని తోపు ఇంకొకదానికి ఆసరా అవుతుంది, మూలల్లో లావుపాటి కాళ్ళు ఆ తోపుళ్ళన్నీ మింగేస్తాయి. ఇక మిగిలిన చిక్కు, చదరం మీద గుండ్రాన్ని కూర్చోబెట్టడం. దానికి పర్షియా వాళ్ళ ఉపాయం చూస్తే ముద్దొస్తుంది. నాలుగు మూలల్లోనూ అడ్డంగా ఒక చిన్న కమాను వేస్తారు. చదరం కాస్తా ఎనిమిది పలకలవుతుంది, ఎనిమిది పలకలకూ గుండ్రానికీ ఇక పెద్ద తేడా లేదు. నేను కొత్తగా చేర్చింది ఒక్కటే, గుమ్మటం అడుగున ఇటుకల వెనక కనబడకుండా ఒక కాంక్రీటు చుట్టు. మా అమ్మమ్మ కుండ కింద చుట్టకుదురు పెట్టేది, ఇదీ అంతే. పెద్దాయన దాన్ని పట్టేస్తారేమోనని లోలోపల భయంగానే ఉండేది.

మీకు కంప్యూటర్లో ఇవన్నీ రంగురంగులుగా కనిపిస్తాయి. చూడండి, వద్దనను. కానీ ఒక్కసారైనా నిజం కమాను కూలడం కళ్ళారా చూడండి. ఆ తర్వాత రంగుల్ని చూసే చూపే మారిపోతుంది.

గుమ్మం ఏ పక్క?

కట్టడానికి వచ్చిన ముఠాకు మేస్త్రి అప్పలనాయుడు. వాళ్ళందరిదీ శ్రీకాకుళం వైపు, క్రాంజీ డార్మిటరీలో ఉండేవాళ్ళు. నేను తెలుగు మాట్లాడగానే అప్పలనాయుడికి ప్రాణం లేచొచ్చింది. డ్రాయింగు అటూ ఇటూ తిప్పి చూసి, "ఓస్, చార్మినారుకి మినార్లు పీకేసి బుర్ర పెట్టడమే కదమ్మా!" అన్నాడు. అంత చక్కగా కో గారికి నేను కూడా చెప్పలేకపోయాను.

కొబ్బరికాయ కొట్టేరోజు పెద్ద సమస్యే వచ్చి పడింది. "అమ్మా, దీనికి సింహద్వారం ఏ పక్కనుంటాది?" అనడిగాడు.

"సింహద్వారం లేదు నాయుడూ. నాలుగు పక్కలా ఒకటే."

"నాలుగు పక్కలా గుమ్మాలేనేటి! మరి వాస్తు ఎవులు సూస్తారమ్మా?"

"తూర్పుంది, ఉత్తరముంది, ఇంకేం కావాలయ్యా వాస్తుకి?"

అయితే సరేనని నాలుగు పక్కలా నాలుగు కొబ్బరికాయలు కొట్టించాడు. షిరీన్ గారు అది చూసి చప్పట్లు కొట్టారు. భాగస్వామి మాత్రం ఫోన్‌లో మాట్లాడుతూ ఒక కొబ్బరి చిప్ప తొక్కి జారబోయాడు.

మన వైపు స్లాబు వేసినరోజు ఇంటివాళ్ళు పనివాళ్ళకు భోజనం పెడతారు కదా. గుమ్మటం నెత్తి మూసేరోజు ఆ మాట షిరీన్ గారి చెవిన వేశాను. ఆమె ఏకంగా ఇంట్లో వండించి తెచ్చారు. కుంకుమపువ్వు అన్నం, మాంసం, ఇంత పెద్ద గిన్నెడు పెరుగు. అన్నం గిన్నె పళ్ళెంలోకి బోర్లిస్తే అడుగున ఎర్రగా మాడు.

అప్పలనాయుడు నా చెవిలో, "అడుగంటిపోనాది పాపం. ఏటనీకండమ్మా, ఆయమ్మ నొచ్చుకుంటాది" అన్నాడు. వాళ్ళ దేశంలో ఆ మాడు కోసమే చుట్టాలు కొట్టుకుంటారని షిరీన్ గారు చెప్పాక, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత ఎవరికీ ఒక్క పలుకు మిగల్లేదు.

ఆ మధ్యాహ్నమే కో గారితో ఇంకో సైటుకు వెళ్ళాల్సొచ్చింది. మిగిలింది చిన్న పనే. నడినెత్తిన చివరి వరుసలో ఇటుకలు పట్టవు, అక్కడ కాంక్రీటు బిళ్ళ వేసి మూసెయ్యాలి. అంతా డ్రాయింగులో ఉంది. డ్రాయింగులో ఉన్నదే కడతారు, లేనిది కట్టరు అనుకోవడం ఇంజినీర్లందరికీ ఉండే భ్రమ.

జాకీలు దించిన పొద్దు

కాంక్రీటు గట్టిపడ్డాక, జాకీలు దించే రోజున షిరీన్ గారు నాన్నగారిని వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చేశారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. ఎండలోనూ కోటు, చేతిలో కర్ర, నెత్తిన టోపీ. కమానులకు దూరంగా కుర్చీ వేసి కూర్చోబెట్టాం. చెట్లూ పనివాళ్ళూ అన్నీ చూశారు గానీ గుమ్మటం వైపు మాత్రం చూడలేదు. "కింద సెంట్రింగు కర్రలున్నంతసేపూ అది కర్రలదే అంటున్నారు బాబా" అన్నారు షిరీన్ గారు, నాన్నను ఆమె అలాగే పిలుస్తారు.

నలుగురు మనుషులు నాలుగు మూలల్లో నిలబడ్డారు. అప్పలనాయుడు "తిప్పండ్రా" అన్నప్పుడల్లా అందరూ కలిసి జాకీలను కొద్దిగా దించాలి, ఆగాలి, మళ్ళీ దించాలి. తొందరపడితే గుమ్మటం ఒక పక్కకు ఒరుగుతుంది. కాస్త కాస్తగా సెంట్రింగు బల్లలు ఇటుకల్ని వదిలి కిందికి దిగాయి, మధ్యలో సన్నటి సందు పడింది. పైన ఎక్కడో టక్‌మంది. అందరం బిగుసుకుపోయాం. సున్నం పొడి కొద్దిగా రాలింది, అంతే. గుమ్మటం తన బరువు తను మోసుకోవడం మొదలుపెట్టింది.

బల్లలూ కర్రలూ అన్నీ బయటికి మోశాక కో గారు ప్లాస్టిక్ సంచుల్లో కట్టించిన కోపి రెండు పట్టుకొచ్చి, ఒకటి నా చేతికిచ్చారు. ఇద్దరం లోపలికి నడిచి సరిగ్గా మధ్యలో నిలబడ్డాం. నాలుగు వైపులా వెలుతురు. గొంతు సవరించుకుంటే ఆ చప్పుడు గుండ్రంగా తిరిగి మళ్ళీ మన దగ్గరికే వస్తోంది. కోపి ఒక గుక్క తాగాను. జీవితంలో అంత తియ్యటి కోపి తాగలేదు. అప్పుడు తలెత్తి చూశాను.

నడినెత్తిన, ఆ కాంక్రీటు బిళ్ళ మధ్యలో, ఇనప హుక్కు ఒకటి వేలాడుతోంది.

"వాట్ ఈజ్ దట్?" అన్నారు కో గారు.

అదేమిటో నాకు తెలుసు. మన వైపు ఏ ఇంటి హాల్లో తలెత్తి చూసినా ఉంటుంది. "నాయుడూ!" అని ఒక్క అరుపు అరిచాను. గుమ్మటం ఆ అరుపును ఇంకా పెద్దది చేసింది.

అప్పలనాయుడు పరుగున వచ్చాడు. "ఏటమ్మా, అలగైపోనారు?"

"ఏమిటయ్యా అది?"

"హుక్కమ్మా. మజ్జిన హుక్కు లేకపోతే ఫేను ఎక్కడ ఏలాడదీస్తారు? నా సేతుల మీద వేసిన ఏ కప్పుకైనా హుక్కు ఎట్టకుండా ఇడిసినానేటి?"

కో గారు కోపి సంచిలో స్ట్రా తిప్పుతూ నిలబడ్డారు. పెద్దాయన అప్పటికే కుర్చీలోంచి లేచి, కర్ర టకటకలాడించుకుంటూ పడమటి కమాను నుంచి లోపలికొచ్చారు. వెనకే షిరీన్ గారు, ఇంకో పక్క నుంచి భాగస్వామి. పెద్దాయన చేత్తో ఇటుకల్ని తడిమారు, మూలల్లోని చిన్న కమానుల్ని చూశారు, గుండ్రం వెంట చూపును పైకి పోనిచ్చారు. చూపు హుక్కు దగ్గర ఆగింది.

ఫార్సీలో ఏదో అడిగారు. షిరీన్ గారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. మళ్ళీ డ్రైన్లే, సందేహం లేదు.

"ఫ్యాను కోసమట బాబా" అని ఆమె మెల్లగా చెప్పినట్టున్నారు.

భాగస్వామి నవ్వేశాడు. "చూశారా, ఇది చహార్‌తాకూ కాదు, ఏమీ కాదు. కొట్టించేద్దాం" అన్నాడు.

పెద్దాయన అతని మాట విన్నట్టే లేదు. టోపీ తీశారు. దాన్నే విసనకర్రలా పట్టుకుని కూతురి మొహానికి రెండుసార్లు విసిరారు. షిరీన్ గారు నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నారు. ఆయన ఆగకుండా చెప్పుకుపోతుంటే నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ మాకు ఇంగ్లీషులో చెప్పారామె.

"ఎండాకాలంలో కొండెక్కి వెళ్తే అక్కడ గాలి ఊసే ఉండేది కాదు. నేను ఉక్క అని ఏడిస్తే బాబా టోపీతో విసిరేవాళ్ళు. విసిరీ విసిరీ చెయ్యి పడిపోయేదట. ఇంత అందంగా కట్టినవాడికి కింద కూర్చున్నవాళ్ళకు ఉక్కపోస్తుందని ఎందుకు తోచలేదా అని అప్పుడే తిట్టుకున్నారట. ఇన్నాళ్ళకు తోచినవాడు దొరికాడట."

పెద్దాయన కర్రతో నేలను గట్టిగా ఒక్కటి కొట్టారు. "చహార్‌తాక్!" అన్నారు. అది మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకుండా మా అందరికీ అర్థమైంది. గుమ్మటం ఆ మాటను ఇంకోసారి పలికింది.

పనివాళ్ళు నాలుగు పక్కల నుంచీ లోపలికి దూసుకొచ్చారు. పెద్దాయన అప్పలనాయుణ్ణి కౌగలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నారు. నాయుడు సిగ్గుతో చచ్చిపోయాడు. నేను ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేంటి! కో గారు నా వైపు తిరిగి, "కెన్" అన్నారు.

సాయంత్రానికల్లా షిరీన్ గారు ఫ్యాను కొనుక్కొచ్చారు. అప్పుడు తెలిసింది, హుక్కు ఉంది గానీ వైరుకు దారి లేదు. "వైరు సంగతి ఎలక్ట్రీషియను సూసుకుంటాడు కదమ్మా" అన్నాడు అప్పలనాయుడు, ఏమాత్రం తొణక్కుండా. చివరికి ఇటుకల సందుల వెంట ఒక గొట్టం పాకించాం. ఇప్పటికీ కనిపిస్తుంది, ఇప్పటికీ అసహ్యంగానే ఉంటుంది. అందం కోసం దాన్ని తీసెయ్యమని ఎవరైనా అంటే వాళ్ళతో నాకు దెబ్బలాటే.

చుట్టూ కాలవ

తర్వాతి నెలలో పెద్ద వాన పడింది. షిరీన్ గారు ఫోన్ చేశారు. "మేడమ్, నాలుగు వైపుల నుంచీ నీళ్ళొస్తున్నాయి! లోపల చెరువైపోయింది!" ఆ బోడి కొండ మీద వాన ఎప్పుడు పడుతుందో దేవుడికెరుక, మేం కట్టింది జురాంగ్‌లో. కమానుల తోపుళ్ళూ గుమ్మటం బరువులూ లెక్కేసుకున్నాం గానీ, తలుపుల్లేని చోటుకు వాన కూడా అడక్కుండానే వస్తుందని ఒక్కరికీ తట్టలేదు.

కో గారు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని విన్నారు. పెట్టేశాక కడుపు పట్టుకుని నవ్వారు. "డ్రెయిన్ లేడీ!" అన్నారు.

గుమ్మటం చుట్టూ కాలవ నేనే గీశాను. సన్నగా, చూసేవాళ్ళకు కాలవ అనిపించకుండా, రాతి అంచులతో. అప్పటిదాకా గీసినవన్నీ ఇచ్చిన పనిగా గీశాను, ఇదొక్కటీ ప్రేమతో గీశాను. ఆ తర్వాత నాకు స్కూళ్ళొచ్చాయి, నడక వంతెనలొచ్చాయి, అడగకుండానే. అయినా మధ్యమధ్యలో కాలవ పనొస్తే నేనే తీసుకునేదాన్ని. మీరూ మొదట్లో ఇచ్చిన చిల్లర పని మీద విసుక్కుంటారు, విసుక్కోండి. నేర్చుకోవడం మాత్రం మానకండి.

సాఫ్ట్‌వేర్ పొంగు దిగిపోయినప్పుడు షిరీన్ గారి కంపెనీ మూతపడింది. బిల్డింగు చేతులు మారింది. కొత్తవాళ్ళు గుమ్మటం జోలికి పోలేదు, మధ్యాహ్నం మకాన్ వేళ, అంటే భోజనాల వేళ, జనం అంతా అక్కడే కూర్చుంటారు కాబట్టి.

మొన్నామధ్య జురాంగ్ ఈస్ట్ వెళ్ళినప్పుడు కోపి ఒకటి కట్టించుకుని అటు నడిచాను. పైన ఫ్యాను తిరుగుతోంది. దాని కింద సీట్లన్నిటి మీదా టిష్యూ ప్యాకెట్లున్నాయి, మన బస్సులో తువ్వాలు వేసినట్టు చోటు పట్టుకోవడానికి. ఇక్కడ దాన్నే చోప్ అంటారు.

"ఆంటీ, దిస్ వన్ టేకెన్ లా" అంది ఒక అమ్మాయి.

"పర్లేదమ్మా, నేను నిలబడే తాగుతాను" అన్నాను. ఆ పిల్లకు తెలుగు రాదు, అయినా నవ్వింది.

అంతలో వాన దిగింది. నాలుగు కమానుల నుంచీ జనం తలల మీద ఫైళ్ళూ సంచులూ పెట్టుకుని లోపలికి పరిగెత్తుకొచ్చారు. ఎవరూ కార్డు గీకలేదు. తుడుచుకుంటూ, తలెత్తి ఫ్యానును చూసి, ఇక్కడెవడు పెట్టాడ్రా దీన్ని అన్నట్టు నవ్వుకున్నారు. అందరూ పైకి చూస్తుంటే నేను కిందికి చూశాను. నీళ్ళు చక్కగా పోతున్నాయి.